ఆటోమేటిక్ కారుకి క్రాంక్ పుల్లీ మారుస్తున్నారా? బోల్టు మీద పానా పెట్టకముందే ఇవి చూసుకోండి

అమెరికాలో పాత హోండా అకార్డ్ కొనుక్కున్న మనవాళ్లు, ముఖ్యంగా చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్లు, తేలికపాటి క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన షాఫ్టు, అంటే క్రాంక్, చివర ఉండి, కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌కీ ఏసీకీ వెళ్లే బెల్టుని తిప్పే చక్రం) వేస్తే బండి చురుగ్గా లాగుతుందని ఎక్కడో విని, ఒకటి తెప్పించుకుని శనివారం పొద్దున్నే జాకీ ఎక్కించేస్తున్నారు. చూసే వీడియోలేమో ఎక్కువగా గేరు బండ్లవి. ఒకతను లోపల కూర్చుని ఐదో గేరులో పెట్టి బ్రేకు తొక్కి పట్టుకుంటాడు, ఇంకొకతను బోల్టు విప్పేస్తాడు, పని అయిపోతుంది. ఆటోమేటిక్‌లో ఆ పద్ధతి కుదరదు.

గేరు బండిలో క్లచ్ మీద కాలు లేకపోతే ఇంజనూ చక్రాలూ గట్టిగా కలిసే ఉంటాయి కాబట్టి బ్రేకు క్రాంక్‌ని కూడా ఆపుతుంది. ఆటోమేటిక్‌లో ఆ మధ్యలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు దానిలో అటుకీ ఇటుకీ ఉన్న లంకె నూనె మాత్రమే. పార్క్‌లో పెడితే కదలకుండా ఆగేది గేర్‌బాక్సు నుంచి చక్రాలకు వెళ్లే షాఫ్టు. క్రాంక్‌ని పట్టుకునేది ఏదీ లేదు. రాడ్డు వేసి లాగితే బోల్టుతో పాటు ఇంజనూ తిరుగుతుంది.

విప్పడానికైతే ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే యంత్రం) ఉంది కదా అంటారు. నిజమే, విప్పుతుంది. నా భయమంతా బిగించేటప్పుడు గురించే. 2003 నుంచి 2007 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల అకార్డ్‌లో ఈ బోల్టు 245 న్యూటన్ మీటర్లు, అంటే 181 ఫుట్ పౌండ్లు బిగించాలి. మీటరు పొడవు రాడ్డు చివర పాతిక కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. అంత బలం పడుతున్నప్పుడు క్రాంక్ కదలకుండా నిలబడాలి. గన్‌తో బర్రుమని కొట్టేసి సరిపోయిందిలే అనుకుంటే అది సరిపోయిందో లేదో చెప్పే మార్గం ఉండదు. తక్కువ బిగిస్తే పుల్లీ, దాన్ని క్రాంక్ మీద జారకుండా ఉంచే ‘కీ’ అనే చిన్న ఇనుప ముక్క మీద అటూ ఇటూ కొట్టుకుంటూ కీ గాడిని తినేస్తుంది, ఆ గాడి ఉన్నది క్రాంక్ షాఫ్టులోనే. గాడి పోయిందంటే ఇంజన్ దించాల్సిందే. 1990, 1991 తొలి నాళ్ల మాజ్డా మియాటాల్లో క్రాంక్ ముక్కు (పుల్లీ కూర్చునే కొస) చిన్నదిగా ఉండి సరిగ్గా ఇలాగే పాడైన ఇంజన్లు చాలా ఉన్నాయి, ఆ బండ్లు కొనేవాళ్లు ఇప్పటికీ ముందు ఆ ముక్కే చూస్తారు.

అందుకే పుల్లీ ఆర్డర్ పెట్టకముందే ఒక ప్రశ్నకి జవాబు ఉండాలి: దీన్ని బిగించేటప్పుడు క్రాంక్‌ని దేంతో పట్టుకుంటాను? ఈ అకార్డ్‌లో కంపెనీ పుల్లీ మధ్యలో 50 మిల్లీమీటర్ల ఆరు పలకల గుంట ఉంటుంది, దానిలో కూర్చునే హోల్డర్ దొరుకుతుంది, మధ్యలోంచి 19 మిల్లీమీటర్ల సాకెట్ పోతుంది. హోల్డర్‌కి ఒక రాడ్డు, బోల్టుకి ఒక రాడ్డు. పద్ధతైన పని అదే. కానీ బయటి కంపెనీల పుల్లీలన్నిటికీ ఆ గుంట ఉండదు. ఫొటోలో అది కనబడకపోతే, లేదా పట్టుకోడానికి వేరే సాధనం వాళ్లే ఇవ్వకపోతే, దాన్ని కొనకండి. ఈరోజు ఎలాగో బిగించినా, రేపు పుల్లీ వెనకున్న ఆయిల్ సీలు మార్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఇదే తంటా.

స్క్రూడ్రైవర్‌ని కన్వర్టర్ దగ్గరి పళ్లచక్రానికి అడ్డం పెట్టే అలవాటు ఒకటుంది. ఆటోమేటిక్‌లో ఉండేది గేరు బండి ఫ్లైవీల్ లాంటి బరువైన ఇనుప చక్రం కాదు, ఫ్లెక్స్‌ప్లేట్ అనే పల్చటి రేకు. అది వంగినా, గేర్‌బాక్సు అల్యూమినియం గుల్ల పగిలినా పుల్లీ ఖర్చుకి ఎన్నో రెట్లు పోతుంది. ఇక రాడ్డు నేలకి ఆనించి స్టార్టర్ కొట్టే పద్ధతి జోలికి దయచేసి వెళ్లకండి, రాడ్డు జారి తగిలితే చెయ్యి విరుగుతుంది. పైగా పాత హోండా ఇంజన్లు చాలావరకు ఎడమవైపుకి తిరుగుతాయి, వాటిలో స్టార్టర్ కొడితే బోల్టు వదులవ్వడం మాట అటుంచి ఇంకా బిగుస్తుంది.

అసలు వెయ్యాలా అన్నది కూడా ఆలోచించండి. కంపెనీ పుల్లీలో లోపలి చక్రానికీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది. ప్రతి పేలుడుకీ క్రాంక్ కొద్దిగా మెలి తిరిగి వెనక్కి వస్తుంది, ఆ అదురుని మింగేది ఆ రింగు. ఏకముక్క అల్యూమినియం పుల్లీ వేస్తే ఆ పని చేసే భాగమే ఉండదు. గేరు బండిలో బరువు తగ్గితే కాస్త తేడా తెలుస్తుంది, ఆటోమేటిక్‌లో నూనెతో నిండిన కన్వర్టర్ బరువంతా క్రాంక్‌కి తగిలించే ఉంటుంది కాబట్టి ముందు వైపు తగ్గించిన ఒకటి రెండు కిలోలు లెక్కలోకి రావు. పాత రబ్బరు పగిలి మార్చక తప్పకపోతే కంపెనీదే వెయ్యండి. ఇంజన్‌కి ఇంకా పనులు చేయిస్తుంటే ఫ్లూయిడాంపర్, ఏటీఐ లాంటి కంపెనీలు చేసే, అదురు పట్టే రకం తీసుకోండి.

తేలికపాటి పుల్లీల్లో కొన్ని సైజులో కూడా చిన్నవి, వాటితో ఆటోమేటిక్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. సిగ్నల్ దగ్గర డీ (డ్రైవ్)లో ఆగినప్పుడు ఇంజన్ మెల్లగా తిరుగుతూ ఉంటుంది, కన్వర్టర్ లాగుతుంటుంది, ఏసీ నడుస్తుంటుంది. అప్పుడే చిన్న పుల్లీ వల్ల ఆల్టర్నేటర్ ఇంకా నెమ్మదిస్తే లైట్లు మసకబారతాయి. డాలస్ ఎండల్లో సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం తగ్గితే మీకే తెలుస్తుంది. బెల్టు కూడా పొట్టిది కావాలి, పాతదే వేస్తే జారుతుంది.

ఇది అకార్డ్ కాకుండా 2.3 లీటర్ల మాజ్డా 3, లేదా ఫోర్డ్ డ్యూరాటెక్ నాలుగు సిలిండర్ల బండి అయితే ఇంకా జాగ్రత్త. వాటిలో క్రాంక్‌కి కీ ఉండదు, చైన్ పళ్లచక్రాన్నీ పుల్లీనీ పట్టి ఉంచేది ఆ బోల్టు బిగువొక్కటే. వదులు చేసిన క్షణమే టైమింగ్, అంటే వాల్వులకీ పిస్టన్లకీ ఉన్న పొంతన, పోతుంది. టైమింగ్ లాక్ చేసే సాధనాలూ కొత్త బోల్టూ చేతిలో లేకుండా ముట్టుకోవద్దు.

పని మొదలుపెట్టేటప్పుడు ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేసి, వెనక చక్రాలకి అడ్డాలు పెట్టి, బరువు జాక్ స్టాండ్ల మీద ఉంచండి. ఒక్క జాకీ మీద ఉన్న బండి పక్కన అంత బలంతో రాడ్డు లాగడం ప్రాణాలతో చెలగాటం. పుల్లీ రాకపోతే బయటి రింగు పట్టుకుని పీకకండి, రబ్బరు తెగుతుంది. ఊడాక వెనకున్న ఆయిల్ సీలు చూడండి, తడిగా ఉంటే అప్పుడే మార్చేయండి. పుల్లీ, క్రాంక్ ఆనుకునే చోటు శుభ్రంగా పొడిగా ఉండాలి. ఈ అకార్డ్‌లో మరలకీ, బోల్టు తలకీ వాషర్‌కీ మధ్యనా కొత్త ఇంజన్ ఆయిల్ కొద్దిగా రాయాలి. మొదట చేత్తో తిప్పండి, మర సరిగ్గా పడిందని తెలిశాక టార్క్ రెంచ్ (ఎంత బిగిసిందో కొలిచే పానా). వేరే ఏడాది బండి అయితే ఈ అంకె వాడకండి, కొన్ని హోండాల్లో తక్కువ టార్క్ పెట్టి ఆ తర్వాత డిగ్రీల లెక్కన తిప్పాలి. మీ ఇంజన్ మాన్యువల్ తీసి చూడండి.

బండి స్టార్ట్ చేశాక దూరంగా నిలబడి పక్క నుంచి పుల్లీని చూడండి. ఊగుతుంటే వెంటనే ఆపేయండి. బాగుంటే బ్రేకు గట్టిగా తొక్కి డీలో పెట్టి, హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి, ఒకరు లోపల, ఒకరు మీటరు దగ్గర, బండికి ఎదురుగా ఎవరూ నిలబడకుండా. ఈ అకార్డ్ లోడు లేనప్పుడు చార్జింగ్‌ని తనంతట తనే 12.5 చుట్టుపక్కలకి తగ్గించుకుంటుంది, అది చూసి కంగారు పడొద్దు. అన్నీ వేశాక కూడా 13 దాటకపోతే మాత్రం పుల్లీ సైజు మీ బండికి సరిపడలేదు. డబ్బాలో దాచిపెట్టిన పాత పుల్లీ రబ్బరు బాగుంటే దాన్నే తిరిగి వేసుకోండి.