వీణకు చెక్క బిరడాలే ఉంచాల్నా, గేర్లవి పెట్టియ్యాల్నా? ఎట్ల తేల్చుకోవాలె

శ్రుతి నిలబడ్త లేదు, పాత చెక్క బిరడాలు (తీగెలు చుట్టి బిగించే పిడులు) పీకేసి గేర్లవి పెట్టిస్తే కిరికిరి పోతది కదా అని వీణ నేర్చుకునేటోళ్లు, వాళ్ల అమ్మానాన్నలు బాగ అడుగుతున్నరు. పోతది, కాదనను, కానీ తప్పు బిరడాదేనా అన్నది ముందు చూస్కోండి, ఎందుకంటే చాలాసార్లు కాదు.

స్టెప్ 1: జారుతున్నదా, ఇరుక్కుంటున్నదా

చెక్క బిరడాల మర గిర ఏం ఉండదు. ఒక కొసకు సన్నగయ్యే కట్టె, దానికి సరిపోయే బెజ్జం, అంతే, రెండింటి రాపిడి మీదనే తీగె మొత్తం ఆగుతది. వయొలిన్ బిరడాలకైతే ఆ వాలు ముప్పైకి ఒకటి, అంటే 30 మిల్లీమీటర్ల పొడవుకు మందం 1 మిల్లీమీటరు తగ్గుతది. బిరడా వాలు, బెజ్జం వాలు ఒక్క తీరుగ లేకపోతే ఒక్క అంచు కాడనే పట్టుకుంటది, ఇగ ఎంత నొక్కినా జారుడే.

మన వరంగల్ ఎండలు మీకు చెప్పాల్సిన పని లేదు. మే నెలల కట్టె ఎండి సన్నబడి బిరడా సర్రున తిరిగిపోతది, ముసురు పట్టంగనే అదే బిరడా ఉబ్బి కదలనే కదలదు. కట్టె నిలువుల పెద్దగ మారదు, అడ్డంల మారుతది, అందుకే ఏళ్లు గడిచినంక గుండ్రటి బిరడా కూడ కొంచెం కోడిగుడ్డు షేపుకు వస్తది, అప్పుడు తిప్పుతుంటే ఒక దిక్కు టైటు, ఇంకో దిక్కు లూజు. కూలర్ ముందల వీణ పెట్టేటోళ్లకైతే ఒక్క రోజులనే రెండు సీజన్లు, కూలర్ నడిస్తే తేమ, బంద్ చేస్తే పొడి. ముందుగాల వీణను ఆడికెళ్లి జరపండి, దీనికి రూపాయి ఖర్చు లేదు.

స్టెప్ 2: చాక్‌పీసు, సబ్బు

ఒక్కొక్క బిరడానే బయటికి తీయండి, అన్ని తీగెలు ఒకేసారి వదులు చేస్తే తీగెలు ఆనే గుర్రం (బ్రిడ్జి) జరిగిపోతది, మళ్లీ దాన్ని జాగల కూర్చోబెట్టుడు పెద్ద పని. తీసిన బిరడా మీద రాపిడికి మెరిసిన పట్టీలు కనపడ్తయి. బెజ్జం గోడకు ఆనే చోటల్లా మెరుపు చుట్టూ సమానంగ ఉంటే కూర్పు మంచిగున్నట్టే, ఒక్క పక్కనే మెరిస్తే కూర్పు పోయినట్టు. జారేదానికి చాక్‌పీసు పొడి, ఇరుక్కునేదానికి తడి లేని సబ్బు బిళ్ల రుద్దండి. నూనె మాత్రం అస్సలు వద్దు. తిప్పేటప్పుడు లోపలికి నొక్కుకుంట తిప్పాలె, ఇది చాలామంది చేయరు. చిన్న తేడాలకు బిరడా ముట్టుకునే పనే లేదు, కింద తీగెల కొసలు కట్టే లంగర్ల మీద జరిపే రింగులు ఉన్నది అందుకే.

ఇంత చేసినా ఆగకపోతే బెజ్జం సాపు చేయించి కొత్త చెక్క బిరడాలు కూర్పియ్యొచ్చు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిల వీణలు చేసేటోళ్లకు ఇది రోజూ పనే.

స్టెప్ 3: గేర్లల్ల రెండు జాతులు

ఒకటి గిటార్ కీలు, మ్యాండొలిన్‌కు ఉండేటివి అవే. 14 నుంచి 18 సార్లు తిప్పితే తీగె చుట్టుకునే ఇరుసు ఒక్క చుట్టు తిరుగుతది, శ్రుతి వెంట్రుకవాసి కూడ దొరుకుతది, జారుడు ఉండదు. కానీ వీటికోసం తలకాయ కట్టెకు కొత్త బెజ్జాలు, స్క్రూలు కొట్టాలె, బరువు పెరుగుతది, మళ్లీ పాతదాని లెక్క చేసుడు కష్టం.

రెండోది, గేర్లు బిరడా కడుపులనే దాచినవి. బయటికెళ్లి చూస్తే మామూలు బిరడా లెక్కనే ఉంటది, వాలు బెజ్జంలనే కూర్చుంటది. జర్మనీ విట్‌నర్ కంపెనీదైతే ఎనిమిదిన్నర చుట్లకు ఒక చుట్టు, అమెరికా పెగ్‌హెడ్స్ రకం నాలుగు చుట్లకు ఒకటి. యూరప్‌ల ల్యూట్ అనే తీగె వాద్యం వాయించేటోళ్లల్ల కొందరు ఇవి పెట్టించుకున్నరు, 13 వరసల బరోక్ ల్యూట్‌కు రెండు వరసలు ఒంటి తీగెలు, మిగిలినవి జతలు, మొత్తం 24 తీగెలు మరి, చెక్క బిరడాలతోని అన్నింటినీ శ్రుతి చేసేవరకు కచేరీ టైమే అయిపోతది.

స్టెప్ 4: మీరు ఏ లెక్కల వస్తరు

వేళ్ల నొప్పులు, కీళ్లవాతం ఉన్నోళ్లు, బిరడా నొక్కి తిప్పలేని చిన్నపిల్లలు, ఇయ్యాల కాజీపేటల రైలెక్కి రేపు ఏసీ హాల్‌ల వాయించేటోళ్లు, వీళ్లు గేర్లకే పోండి, మొహమాటం ఏం వద్దు, సంప్రదాయం శ్రుతిల ఉంటది గని కట్టెల ఉండదు. ఇంట్లనే వాయిస్తరు, చేతులల్ల బలం ఉన్నది అంటే చెక్కవే చాలు, తీగె మార్చుడు కూడ వాటితోనే జల్దీ అయితది, నాలుగు చుట్లకు ఒక చుట్టు అంటే కొత్త తీగె ఎక్కియ్యనీకి అన్ని రెట్లు తిప్పాలె కదా. తాతల నాటి ఏకాండి (ఒక్కటే దుంగల చెక్కిన) వీణైతే గిటార్ కీల ఊసే ఎత్తకండి. ప్లాస్టిక్, ఫైబర్ కలిసిన ట్రావెల్ వీణైతే అవే పెట్టించండి, ఏం పోదు.

స్టెప్ 5: కొలవకుంట ఆర్డర్ పెట్టొద్దు

దాపుడు గేర్ల బిరడాలు ముఖ్యంగ వయొలిన్, వయోలా, చెల్లో సైజులల్ల అమ్ముతరు, వీణ బెజ్జాలు వాటికి సరిపోతయని గ్యారంటీ లేదు. పాత బిరడా తీసి, బెజ్జంల ఆనిన రెండు చోట్ల మందం, వాటి మధ్య దూరం వెర్నియర్‌తోని (మందం కొలిచే పనిముట్టు) కొలిచి, ఫోటోతోపాటు అమ్మేటాయనకు పంపండి. బెజ్జం పెద్దది చేయాల్సొస్తే వీణ పని తెలిసినోళ్లతోనే చేయించండి, ఫర్నిచర్ డ్రిల్లు దగ్గరికి రానియ్యొద్దు, అది వాలు బెజ్జం కొట్టదు, నిలువు బెజ్జం కొడ్తది. డబ్బులు తక్కువుంటే బాగ సతాయించే ఒకటి రెండు బిరడాలే మార్పించి చూడండి, అన్నీ ఒక్క జతవే ఉండాలె అనే రూలేం లేదు. తీసిన పాతవాటికి మాత్రం ఏది ఏ తీగెదో చీటీ కట్టి వీణ పెట్టెలనే పెట్టండి, ఒక్కో బిరడా దాని బెజ్జానికే అరిగి ఉంటది, కలిసిపోతే మళ్లీ కూర్చయి.