కెమెరా ఫోటోలు కంప్యూటర్‌లోకి రావడం లేదా? ముందు కార్డు జాగ్రత్త

కెమెరా తగిలించినా ఫోటోలు కనిపించకపోతే చాలామంది కంగారుపడి, స్క్రీన్ మీద ఏది వస్తే దానికల్లా ఓకే కొట్టేస్తారు. ఫోటోలు పోయేది అక్కడే. కెమెరా, కేబుల్, కంప్యూటర్ ఈ మూడింటిలో ఏది మొరాయించినా ఫోటోలు మాత్రం మామూలుగా మెమరీ కార్డులో క్షేమంగానే ఉంటాయి. కార్డు మీద కొత్తగా ఏదైనా రాస్తేనే వాటికి ముప్పు. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను ముందు చెప్పేది ఇదే: ఆ కార్డుతో ఇంకో ఫోటో తీయకండి, దాని మీద ఏదీ పడనివ్వకండి. మిగతాదంతా తీరిగ్గా చూసుకోవచ్చు.

నేను హైదరాబాద్ చిక్కడపల్లిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ముహూర్తాలున్న రోజుల్లో ఫోటోగ్రాఫర్లు రిసెప్షన్ అయ్యాక ఏ అర్ధరాత్రో వచ్చి కార్డులు ఇచ్చిపోతారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అప్పుడు చుట్టుపక్కల వాళ్లు వస్తారు, బీరువాలో ఏళ్ల తరబడి పడున్న చిన్న డిజిటల్ కెమెరాలు పట్టుకుని. మనవరాలి బారసాలో, పోయిన నాన్నగారి షష్టిపూర్తో ఆ కెమెరాల్లో ఉంటుంది. ఆ ఫోటోలు ఇంకెక్కడా ఉండవు. ఇలా నా టేబుల్ మీదికి వచ్చినవాటితో నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

మొదట కేబుల్‌ని అనుమానించండి

కెమెరాకి కేబుల్ పెట్టగానే ఛార్జింగ్ లైటు వెలిగితే కేబుల్ బాగానే ఉందనుకుంటాం. మామూలు యూఎస్‌బీ కేబుల్ లోపల నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవక ఛార్జింగ్ కేబుళ్లు చాలావాటిలో డేటా తీగలు ఉండనే ఉండవు. లైటు వెలుగుతుంది, ఫోటోలు మాత్రం రావు. తేల్చుకోవడం సులభం. మీ ఫోన్‌కి సరిపోయే కేబుల్ అయితే దాంతోనే ఫోన్‌ని కంప్యూటర్‌కి కలపండి. ఫోన్‌లోని ఫైళ్లు కంప్యూటర్‌లో కనిపిస్తే కేబుల్ మంచిదే. ఫోన్ ఛార్జ్ అవుతూ ఊరుకుంటే ఫోన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని చూడండి, అప్పటికీ ఫైళ్లు రాకపోతే కేబుల్ మార్చండి.

పాత కెమెరాలతో ఇంకో చిక్కు ఉంది. కేబుల్ కొస చాలా రకాలు: మినీ, మైక్రో, ఇప్పుడు టైప్-సీ. పాత నికాన్ కూల్‌పిక్స్‌లు కొన్నిటికి ఎనిమిది పిన్నుల ప్రత్యేకమైన కొస ఉంటుంది. పక్కనుంచి చూస్తే మినీ యూఎస్‌బీ అనిపిస్తుంది, కానీ అంతకంటే పలచగా, వెడల్పుగా ఉంటుంది. మినీ కేబుల్ తెచ్చి బలవంతంగా నొక్కితే కెమెరా సాకెట్ పాడవుతుంది. ఇలాంటి కేబుళ్లు కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. వెళ్లేటప్పుడు కెమెరా వెంట తీసుకెళ్లండి. షాపులోనే పెట్టి చూసుకుని కొనండి. నోటితో మోడల్ చెప్పి కొంటే మళ్లీ తిరగాల్సి వస్తుంది.

కేబుల్ బాగున్నా పని కాకపోతే పోర్టు మార్చండి. డెస్క్‌టాప్ ముందువైపు పోర్టుల కంటే మదర్‌బోర్డుకి నేరుగా ఉండే వెనకవైపు పోర్టులు నమ్మకం. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేయండి.

కెమెరా వైపు చూడాల్సినవి

బ్యాటరీ నిండా ఛార్జ్ చేయండి. సగం కాపీ అయ్యాక కెమెరా ఆగిపోతే చివరి ఫైళ్లు తెగిపోతాయి. కెమెరా ఆన్ చేసి ఉంచాలి. కొన్ని చిన్న కెమెరాలు ఫోటోలు చూసే ప్లే బటన్ నొక్కితేగానీ కంప్యూటర్‌తో మాట్లాడవు. ఆటో పవర్ ఆఫ్ ఉంటే ఆ సమయం పెంచండి.

తర్వాత మెనూలోకి వెళ్లండి. సోనీ కెమెరాల్లో యూఎస్‌బీ కనెక్షన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది పీసీ రిమోట్‌లో ఉంటే కంప్యూటర్ ఆ కెమెరాని నడపాలని చూస్తుంది తప్ప ఫోటోల ఫోల్డర్ చూపించదు. మాస్ స్టోరేజ్‌కి మార్చండి, పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. కానన్ కెమెరాలు వేరే పద్ధతిలో పనిచేస్తాయి. వాటికి డ్రైవ్ అక్షరం రాదు. విండోస్‌లో దిస్ పీసీలో కెమెరా పేరుతో కనిపిస్తాయి. ఈ, ఎఫ్ డ్రైవ్‌ల కోసం వెతుకుతూ కెమెరా రాలేదని బెంగపడేవాళ్లు చాలామంది. మ్యాక్‌లో అయితే ఇమేజ్ క్యాప్చర్ అనే యాప్ తెరవండి, అది సిస్టమ్‌తోనే వస్తుంది. ఇంకొకటి, వైఫై ఉన్న కానన్ మోడళ్లు కొన్నిటిలో వైఫై ఆన్ చేసి ఉంటే యూఎస్‌బీ పనిచేయదు. వైఫై ఆపి చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే, విండోస్ డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్న కెమెరాని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కేబుల్ తీసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే కేబుల్‌తో కుస్తీ ఆపేయండి.

కార్డు రీడరే మేలు

నా అభిప్రాయం అడిగితే అసలు కేబుల్ జోలికే వెళ్లొద్దంటాను. కెమెరాలోంచి కార్డు తీసి, కంప్యూటర్‌కి తగిలించిన కార్డు రీడర్‌లో పెడితే బ్యాటరీ, మెనూ, డ్రైవర్ గొడవలు ఒక్కసారిగా తప్పుతాయి. కాకపోతే రీడర్ కార్డుకి తగ్గది కావాలి. 2 జీబీ వరకు ఉన్నవి మామూలు ఎస్‌డీ కార్డులు. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ వరకు, 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ ఆ పైన. చూడ్డానికి మూడూ ఒకటే. కానీ పాత రీడర్‌లో కొత్త కార్డు పెడితే అసలు కనిపించదు, లేదా ఫార్మాట్ చేయమని అడుగుతుంది. కార్డు ఖాళీ అయిపోయిందని టెన్షన్ పడొద్దు, రీడర్‌కి దాన్ని చదవడం రావట్లేదు, అంతే. కొత్త కార్డు పాత రీడర్‌లో చదవబడదు గానీ, పాత కార్డు కొత్త రీడర్‌లో ఇబ్బంది లేకుండా తెరుచుకుంటుంది.

రీడర్‌లో పెట్టేముందు కార్డు ఎడమ అంచున ఉన్న చిన్న మీటని చూడండి. గోటితో దాన్ని లాక్ అని రాసిన వైపుకి జరపండి. ఈ పని చాలామంది చేయరు, కానీ నేను ఏ కార్డు వచ్చినా ముందు చేసేది ఇదే. ఎందుకంటే కార్డు పెట్టగానే మనల్ని అడగకుండానే కంప్యూటర్ దాని మీద రాయగలదు. విండోస్ సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అని ఒక ఫోల్డర్ పెడుతుంది, మ్యాక్ కంటికి కనిపించని తన ఫైళ్లు పెడుతుంది. మంచి కార్డుకి దీనివల్ల నష్టం లేదు. కానీ పొరపాటున ఫోటోలు డిలీట్ అయిన కార్డయితే, ఆ చిన్న ఫైలు సరిగ్గా మీ ఫోటో ఉన్న చోటే పడొచ్చు. లాక్ చేస్తే రీడర్ రాయడం మానేస్తుంది. అయితే ఆ మీటకి లోపల ఏ వైరూ ఉండదు. దాన్ని గమనించి ఆగాల్సింది రీడరే, అందుకే పేరున్న రీడర్ కొనమనేది. మైక్రో ఎస్‌డీ అయితే అడాప్టర్‌కి ఈ మీట ఉంటుంది. పని అయ్యాక వెనక్కి జరపడం మర్చిపోకండి, లేకపోతే కెమెరా ఫోటో తీయనంటుంది.

కార్డు ఒకసారి వచ్చి, ఒకసారి మాయమవుతుంటే దాని వెనకున్న బంగారు రంగు పట్టీలు చూడండి. వానాకాలంలో, చెమట చేతులతో తీసి పెట్టిన కార్డుల మీద మసక పొర కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి. పాత పెద్ద కెమెరాల సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డులకైతే టార్చి వేసి రీడర్ లోపలికి చూడాలి. 50 సన్నటి పిన్నుల్లో ఒకటి వంగి ఉన్నా కార్డు చదవదు. వంగిందని తెలిశాక కార్డుని నొక్కి దూర్చకండి, పక్క పిన్ను కూడా పోతుంది. రీడర్ మార్చేయడమే దారి.

ఫార్మాట్ చేయమంటే

కిందటి మాఘమాసంలో మా దగ్గరికి వచ్చే ఫోటోగ్రాఫర్ కుర్రాడు ఒకడు పెళ్లి అయిన రాత్రి ఫోన్ చేశాడు.

"అక్కా, కార్డు పెడితే ఫార్మాట్ చేయాలంటోంది. చేసెయ్యనా?"

"వద్దు నాన్నా. క్యాన్సిల్ కొట్టి కార్డు బయటికి తియ్యి."

"రేపు పొద్దున ఘట్‌కేసర్‌లో ఇంకో పెళ్లి ఉందక్కా, అదే కార్డు వాడాలి."

"దానికి వేరే కార్డు కొనుక్కో. దీన్ని మాత్రం ముట్టుకోకు, పొద్దున్నే నాకిచ్చి వెళ్లు."

ఇచ్చి వెళ్లాడు. మీట లాక్ చేసి వేరే రీడర్‌లో పెడితే జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ ఉన్నాయి. అతని రీడర్ పోయింది, కార్డుకేమీ కాలేదు. ఆ రాత్రి ఓకే కొట్టి, పొద్దున అదే కార్డుతో ఇంకో పెళ్లి తీసుంటే మొదటి పెళ్లి ఎవరికీ దక్కేది కాదు.

కాబట్టి ఫార్మాట్ చేయమంటే క్యాన్సిల్ కొట్టండి. స్కాన్ అండ్ ఫిక్స్ అన్నా క్యాన్సిలే. ఆ రిపేరు కార్డు మీదే రాస్తుంది. కొన్నిసార్లు మీ ఫోటోల్ని సీహెచ్‌కే అనే పేరున్న ముక్కలుగా మార్చి పెడుతుంది. ముందు వేరే రీడర్, తర్వాత వేరే కంప్యూటర్, తర్వాత అసలు కెమెరాలోనే పెట్టి చూడండి. వీటిలో ఒకచోట తెరుచుకున్నా చాలు, వెంటనే కాపీ చేసుకోండి.

ఎక్కడా తెరుచుకోకపోయినా, లేదా అప్పటికే ఫార్మాట్ అయిపోయినా ఆశ వదలొద్దు. మామూలు క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేసినట్టే, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. అది కార్డు మీద ఏమీ రాయకుండా చదివి, దొరికిన ఫోటోల్ని మీరు చూపించిన ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ ఫోల్డర్ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ మీద ఉండాలి, అదే కార్డు మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. పాత పేర్లు రావు, మళ్లీ వరస పెట్టుకోవాలి. పెద్ద కార్డయితే గంటలు పడుతుంది, మధ్యలో ఆపకండి. ఏ రీడర్‌కీ, ఏ కెమెరాకీ కార్డు ఉన్నట్టే తెలియకపోతే లోపలి చిప్పే దెబ్బతిందని అర్థం. అప్పుడు సాఫ్ట్‌వేర్‌తో పని కాదు, డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే.

వచ్చాయి గానీ, అన్నీ రాలేదు

ఫోటోలు డీసీఐఎం ఫోల్డర్‌లో ఉంటాయని అందరికీ తెలుసు, దాన్ని కాపీ చేసుకుని కార్డు ఖాళీ చేసేస్తారు. సోనీ కెమెరాల వీడియోలు చాలావరకు డీసీఐఎంలో ఉండవు. ప్రైవేట్ అనే ఫోల్డర్ తెరిచి, అందులో ఎం4రూట్, దానిలో క్లిప్ చూడండి. పాత ఏవీసీహెచ్‌డీ వీడియోలూ ప్రైవేట్‌లోనే ఉంటాయి. అందుకే ఫోల్డర్లు ఏరుకోకుండా కార్డులో ఉన్నదంతా మొత్తంగా కాపీ చేయండి.

ఇక పేర్ల సంగతి. కెమెరా ఫోటోలకి నాలుగంకెల నంబర్లు ఇస్తుంది, 9999 తర్వాత మళ్లీ 0001కి వస్తుంది. ఒకే పెళ్లికి ట్రెడిషనల్ ఒకరు, క్యాండిడ్ ఒకరు తీస్తే, ఇద్దరివీ నికాన్‌లైతే, డీఎస్‌సీ_4512 రెండు కార్డుల్లోనూ ఉండొచ్చు. రెంటినీ ఒకే ఫోల్డర్‌లో వేస్తే కంప్యూటర్ రీప్లేస్ చేయనా అని అడుగుతుంది. సరేనంటే మొదటి ఫోటో పోతుంది, వార్నింగ్ కూడా ఇంకేమీ రాదు. కార్డుకో ఫోల్డర్ పెట్టండి. చాలా కెమెరాల్లో పేరులోని మొదటి మూడక్షరాలు మార్చుకునే వీలుంది. ఇద్దరూ కలిసి పనిచేస్తుంటే పెళ్లికి ముందే మార్చుకోవడం మంచిది.

ఫైలు వచ్చింది గానీ బొమ్మ కనిపించట్లేదంటే అది రా ఫైలు (జేపెగ్‌గా మార్చని అసలు డేటా) అయ్యుంటుంది: సీఆర్3, ఎన్ఈఎఫ్, ఏఆర్‌డబ్ల్యూ లాంటివి. ఫోటోకేమీ కాలేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో రా ఇమేజ్ ఎక్స్‌టెన్షన్ ఉచితం, అది వేసుకుంటే చాలా మోడళ్లవి కనిపిస్తాయి. ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ ప్రోగ్రామ్ పాతదై కొత్త కెమెరా ఫైళ్లు తెరవకపోతే అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు, అదీ ఉచితమే. ఫోటో సగం వరకు బాగుండి కింద బూడిద రంగు ఉంటే కాపీ మధ్యలో తెగి ఉండొచ్చు, వేరే రీడర్‌తో మళ్లీ తీయండి.

ఫోన్‌లోకి వచ్చేశాయి కదా అని కార్డు చెరిపేవాళ్లకి ఒక మాట. నికాన్ వాళ్ల స్నాప్‌బ్రిడ్జ్ యాప్‌లోకి కెమెరా తనంతట తాను పంపే ఫోటోలు మామూలుగా 2 మెగాపిక్సెల్‌వి. వాట్సాప్‌కి చాలు, గోడ మీద పెట్టుకునే పెద్ద ప్రింటుకి చాలదు. అసలు ఫోటోలు ఇంకా కార్డులోనే ఉన్నాయి.

కాపీ అయ్యాక కార్డు తెరిచి అందులోవన్నీ సెలెక్ట్ చేసి ఒకసారి, కాపీ చేసిన ఫోల్డర్ మీద ఒకసారి రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు సరిచూడండి. కొన్ని ఫోటోలు, ముఖ్యంగా చివర్లో తీసినవి, తెరిచి పెద్దవి చేసి చూడండి. ఇంకో హార్డ్‌డిస్క్ మీద రెండో కాపీ వేయండి. ఎజెక్ట్ కొట్టి కార్డు తీయండి, మీట వెనక్కి జరపండి. కార్డు మళ్లీ కావాల్సి వచ్చినప్పుడు, రెండు కాపీలూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక, కంప్యూటర్‌లో కాకుండా ఏ కెమెరాలో వాడబోతున్నారో ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.