ఆఖరి వాయి ఎవరు తింటున్నారు? ఇంట్లోవాళ్లు చేసింది చూడటం, చూశామని చెప్పటం

మంచినీళ్లు అందించిన అమ్మకి "థాంక్స్" అని చూడండి. "నాకు థాంక్సేంట్రా, నేనేమన్నా పరాయిదాన్నా?" అంటుంది. ఆమె మాటలో న్యాయం ఉంది. థాంక్స్ ఆఫీసులో వాడేది, కృతజ్ఞతలు ఉత్తరం చివర రాసేది, ధన్యవాదాలు మైకు ముందు పలికేది. వీటిలో ఏది ఇంట్లోకి తెచ్చినా బాకీ తీర్చేసి చేతులు దులుపుకున్నట్టు వినిపిస్తుంది. సరే, ఆ మాటలు వద్దనుకున్నాం. వాటి బదులు ఇంకేదీ పెట్టుకోకపోవడం వల్ల చాలా ఇళ్లలో అసలు సంగతే జారిపోయింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటూనే ఉంటాం, మన పొయ్యి మీద ఉన్నది మాత్రం కంటికి ఆనదు.

దీనికి పద్ధతి ఉంది. మనసులో ఏదో ఉప్పొంగాలని ఎదురుచూడక్కర్లేదు. ముందు పని చూడాలి, దాన్ని పేరు పెట్టి గుర్తుంచుకోవాలి, ఆ రోజే చెప్పాలి, ఆ తర్వాత ఆ పనిలో ఒక ముక్క తీసుకోవాలి. ఒక్కో మెట్టు ఎక్కడ చెడుతుందో కింద చెబుతాం.

వస్తువు పట్టుకుని వెనక్కి నడవండి

మొదటి వారం ఎవరికీ ఏమీ చెప్పకండి. చూడటం ఒక్కటే పని. రోజుకి ఒక వస్తువు, రెండు నిమిషాలు. అది మీ చేతికి రావడానికి ఇంట్లో ఎవరెవరి చేతులు దాటిందో వెనక్కి లెక్కపెట్టండి.

ఇడ్లీ తీసుకోండి. పొద్దున ఏడింటికి పళ్లెంలోకి వచ్చింది, పది నిమిషాల్లో అయిపోయింది. అది మొదలైంది ముందురోజు మధ్యాహ్నం మూడింటికి. మినప్పప్పు ఒక గ్లాసు కొలిచి నానబోయాలి, నాలుగైదు గంటలు నానాలి. రాత్రి ఎనిమిదింటికి గ్రైండర్‌లో వేసి, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ రుబ్బాలి. ఈలోగా రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపాలి. గ్రైండర్ రాయి కడగటం ఇంకో పని, పిండి ఎండితే ఒక పట్టాన వదలదు. కలిపిన పిండి పొంగి పొర్లకుండా సగం ఖాళీ ఉండే గిన్నె వెతకాలి. చలికాలమైతే దాన్ని పొయ్యి పక్కకో, దుప్పటి చుట్టి మూలకో చేర్చాలి. తెల్లవారి పులిసిందో లేదో చూసి, ఉప్పు వేసి, రేకులకి నూనె రాసి, వాయికి పది పన్నెండు నిమిషాలు నిలబడాలి. చట్నీ లెక్క వేరే. పదహారు గంటల కింద "రేపు పొద్దున వీళ్లకేం పెట్టాలి" అని ఒకరికి తట్టింది కాబట్టి ఈ ఇడ్లీ ఉంది.

ఇప్పుడు ఒక్కటి గమనించండి: ఆఖరి వాయి ఎవరు తింటున్నారు? చాలా ఇళ్లలో వండినవాళ్లే, అదీ నిలబడి, గిన్నెకి అంటుకున్న చట్నీతో. ఈ ఒక్కటి కంటపడితే మొదటి వారం పాఠం అయిపోయినట్టే.

మిగతా రోజులకి వస్తువులు వెతుక్కోనక్కర్లేదు. తోడుకున్న పెరుగు. నిండిన ట్యాంకు: నల్లా వచ్చే రోజున ఎవరో చీకట్లో లేచి మోటారు వేశారు, మళ్లీ గుర్తుంచుకుని ఆపారు. మడతపెట్టిన దుప్పటి. గ్యాస్ బండ: లోపల గ్యాసు 14.2 కిలోలు, బండ బరువుతో కలిపి దాదాపు ముప్ఫై, దాన్ని వంటింటిదాకా ఒకరు దొర్లించారు.

కష్టమైనది జరగని పనుల్ని చూడటం. పాలు పొంగిపోలేదు. వాన మొదలయ్యేలోపే డాబా మీద బట్టలు లోపలికి వచ్చాయి, కాబట్టి తడవలేదు. నాన్న బీపీ మాత్రలు అయిపోలేదు. కరెంటు బిల్లు గడువు దాటలేదు. ఇలాంటివి సరిగ్గా జరిగితే ఆనవాలే ఉండదు, తప్పితేనే గోల. వారంలో కనీసం రెండు రోజులు ఈ కంటికి కనపడనివాటికే కేటాయించండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు పెద్దవాటి కోసం వెతకడం. కొన్న చీర, కట్టిన ఫీజు, ఆసుపత్రిలో మేలుకున్న రాత్రి ఎలాగూ గుర్తుంటాయి. రోజూ జరిగేదే కళ్లు అలవాటుపడి వదిలేసేది.

క్యాలెండర్ గడిలో ఒక్క ముక్క

రెండో వారం నుంచి రాయండి. కొత్త డైరీ కొనకండి, పది రోజులకి అది దిండు కిందికో షెల్ఫులోకో చేరుతుంది. గోడకి వేలాడే పెద్ద గళ్ల క్యాలెండర్ చాలు. పాలు నాగా, గ్యాస్ బుక్ చేసిన తేదీ, పనమ్మాయి రాని రోజు మనం రాసుకునేది అందులోనే. ఆ గడిలోనే మూలకి చిన్నగా: "మామయ్య – మోటారు". "చిన్ని – బట్టలు, వాన". మనిషి, పని. అంతే. "మంచి కుటుంబం", "ప్రేమగా ఉన్నారు" అని రాస్తే నెల తర్వాత చదివినా ఏమీ గుర్తురాదు.

రోజూ రాయాలా? వద్దు. వారానికి ఒకసారి, ఆదివారం రాత్రి, మూడు నుంచి ఐదు ముక్కలు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక ప్రయోగం ఇలాగే వారానికోసారి, ఐదు విషయాల వరకు, పది వారాలపాటు సాగింది. చికాకులు రాసుకున్న గుంపు కన్నా మేళ్లు రాసుకున్న గుంపు జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉంది. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చేసిన ఆరు వారాల ప్రయోగంలో వారానికి ఒకసారి రాసినవాళ్లకి లాభం కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకి కనిపించలేదు. రోజూ రాస్తే అదీ పళ్లు తోముకోవడంలా చేయి చేసుకుపోతుంది, మనసు వేరే చోట ఉంటుంది.

రాయడానికి ఏమీ తోచని ఆదివారాలు వస్తాయి. అప్పుడు తీసివేత లెక్క వేయండి. ఈ వారం జరిగిన ఒక పనిని తీసేసి, అది లేకపోతే ఏమయ్యేదో నాలుగు అడుగులు ఊహించండి. అన్నయ్య మంగళవారం బండిలో పెట్రోలు కొట్టించలేదనుకోండి: బుధవారం దారిలో బండి ఆగేది, బంకు దాకా నెట్టేవాళ్లు, పరీక్ష హాలు గేటు మూసేసేవాళ్లు. పనిని మాత్రమే తీసేయండి, మనిషిని కాదు. "అమ్మే లేకపోతే" అని మొదలుపెడితే భయంలోకి జారతారు, పక్కనున్న పెద్దవాళ్లు "అవేం మాటలు" అని కసురుతారు కూడా. వాళ్లు కసరడం సబబే.

చెప్పే తీరు

మూడో వారం నుంచి నోరు విప్పండి. వారానికి రెండు మూడు చాలు. మాటలో మూడు ముక్కలుండాలి: ఏం చేశారు, అందులో ఏం శ్రమ ఉంది, దానివల్ల నాకేం కలిసొచ్చింది. మూడూ ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి.

కోడలు అత్తగారితో: "అత్తయ్యా, కరివేపాకు దూసి కడిగి ఆరబెట్టి ఉంచారు, పొద్దున పోపు చిటికెలో అయిపోయింది."

కొడుకు తండ్రితో: "నాన్నా, ఆ లైన్లో రెండు గంటలు నిలబడ్డావంట కదా, నాకు సెలవు పెట్టే పని తప్పింది."

భర్త భార్యతో: "నిన్న రాత్రే పిల్లాడి బ్యాగు సర్దేశావు, ఇవాళ బస్సు దగ్గర పరుగు లేదు."

తమ్ముడు అక్కతో అయితే ఇంత కూడా అక్కర్లేదు. "అక్కా, యూనిఫాం ఇస్త్రీ నువ్వేనా? మడత భలే కుదిరింది" అంటే చాలు. అక్క ఇరవై రూపాయలు అడుగుతుంది, అది వేరే సంగతి.

వీటిలో ఎక్కడా థాంక్స్ లేదు, అయినా ఎవరికీ అనుమానం రాదు. మాట మీ ఇంటి యాసలో, మీ వరసలో ఉండాలి. అత్తమ్మా అని పిలిచే ఇంట్లో అత్తమ్మా, బాపూ అనే ఇంట్లో బాపూ. టీవీ సీరియల్ భాష ఎత్తుకుంటే "ఏంటివాళ, ఏం కావాలి నీకు?" అని అడుగుతారు.

ఎప్పుడు చెప్పాలన్నది ముఖ్యం. ఆ రోజే, మహా అయితే మర్నాడు. మనుషుల్ని కూర్చోబెట్టి, కళ్లలోకి చూస్తూ చెప్పకండి, తెలుగు నాన్నలు దీనికి తట్టుకోలేరు. చెప్పులు వేసుకుంటూనో, కూరగాయలు తరుగుతూనో, బండి మీద వెనక కూర్చునో అనేయండి. ఆయన "సర్లే, దానిదేముంది" అంటారు. అదే రసీదు. అక్కడితో ఆపండి. "కాదు నాన్నా, నిజంగా" అని పొడిగిస్తే ఆయన లేచి వెళ్లిపోతారు. మరీ మొహమాటమైతే ఆయన వినేట్టుగా అమ్మతో అనండి.

ఇబ్బందిగా ఉంటుందేమోనన్న భయం మనకే ఎక్కువ. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ఇదే పరిశీలించారు: అందుకునేవాళ్లు ఎంత ఇబ్బంది పడతారో కృతజ్ఞతతో ఉత్తరం రాసినవాళ్లు ఎక్కువగా అంచనా వేశారు, ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేశారు.

ఇక చెడగొట్టే మాటలు. అన్నిటికన్నా ముందు "కానీ". "పులుసు బాగుంది కానీ ఉప్పు కాస్త…" అన్నాక వినబడేది ఉప్పు ఒక్కటే. ఉప్పు సంగతి రేపు చెప్పండి. రెండోది పోలిక: "మా అమ్మ చేసినంత బాగా చేశావు." ఇది మెచ్చుకోలు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మూడోది పక్క గదిలో ఉన్న భార్య గురించి వాట్సాప్ స్టేటస్ పెట్టి, నోటితో ఒక్క ముక్క అనకపోవడం. వెంటనే పని పురమాయించడం నాలుగోది: "కాఫీ అదిరింది, ఇంకో కప్పు పెట్టవా?"

పొగిడి పని అంటగట్టడం

అన్నిటికన్నా లోతుగా చెడేది ఇక్కడే, తీరిగ్గా చూడాలి. "నువ్వు చేస్తేనే బాగుంటుంది", "ఈ పని మా ఆవిడ తప్ప ఎవరూ చేయలేరు" అనే మాటలు మెచ్చుకోలులా మొదలై తాళం వేసినట్టు ముగుస్తాయి. విన్నవాళ్లకి ఆ రోజు బాగానే ఉంటుంది. జ్వరమొచ్చిన రోజున కూడా ఆ పని వాళ్లదే అని తేలినప్పుడు చేదు మొదలవుతుంది. ఆ తర్వాత మీరు ఎంత వివరంగా చెప్పినా "మాటలకేం, బానే చెబుతారు" అనే సమాధానమే వస్తుంది.

ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్కించేందుకు దేశంలో 2019లో జరిగిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఈ తేడా ముందు ఎంత చక్కటి వాక్యమైనా ఆరిపోతుంది. పైగా ఎవరి చాకిరీ వాళ్లకి ఎక్కువగా కనిపిస్తుంది. మైకేల్ రాస్, ఫియోరె సికోలీ 1979లో భార్యాభర్తల్ని ఎవరి వాటా ఎంతని విడివిడిగా అడిగితే, ఎక్కువ జంటల్లో ఇద్దరి లెక్కలూ కలిపి నూటికి మించాయి. అబద్ధమేమీ కాదు, మనం చేసింది మనకి గుర్తుంటుంది, ఎదుటివాళ్లు చేసింది మనం లేనప్పుడు జరిగిపోతుంది.

అందుకే నాలుగో వారం నుంచి ఒక ముక్క తీసుకోండి. మొత్తం పని కాదు, మొదటి వారం మీరు లెక్కపెట్టిన వరసలో ఒక మెట్టు. ఇడ్లీ విషయంలో అన్నిటికన్నా పనికొచ్చేది నానబోయడం, ఎందుకంటే గుర్తుపెట్టుకునే బరువు అక్కడే ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఫోన్‌లో అలారం పెట్టుకుని మీరే నానబోయండి, ఆఫీసులో ఉంటే రాత్రి గ్రైండర్ కడగటం తీసుకోండి. "చెప్తే చేస్తాను కదా" అనకండి, చెప్పడమూ పనే. కనీసం నెల రోజులు అదే మెట్టు మీద ఉండండి, రోజుకొకటి మారిస్తే మీరేం చేశారో లేదో చూసే పని వాళ్ల నెత్తినే పడుతుంది. మొదట్లో పప్పు ఎక్కువ నానుతుంది, నీళ్లు చాలవు. వాళ్లొచ్చి సరిదిద్దబోతే "ఉండు, నేను నేర్చుకుంటా" అనండి.

వారానికి ఒక రోజు మొదటి వాయి వండినవాళ్లకి పెట్టి, ఆఖరిది మీరు తినండి.

ఒక హెచ్చరిక కూడా. గొడవ నడుస్తున్న రోజున ఇవేవీ చేయకండి, ఫిర్యాదు నోరు మూయించడానికి అసలే వాడకండి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మంచి వెతుక్కోవడం మందు కాదు, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

పిల్లలతో, దూరంగా ఉన్నవాళ్లతో

పిల్లల చేత "థాంక్యూ చెప్పు, చెప్పు" అని బలవంతంగా పలికిస్తే వాళ్లకి ఆ మాట బొమ్మకో చాక్లెట్‌కో టికెట్ అవుతుంది. ఐదేళ్ల పిల్లలతో ఆట ఆడండి: "ఈ చొక్కా నీ ఒంటి మీదికి ఎలా వచ్చింది?" ఉతికింది, ఆరేసింది, గుండీ కుట్టింది ఎవరో వాళ్లే చెబుతారు, రెండో రోజు నుంచి మిమ్మల్నే అడగటం మొదలుపెడతారు.

అమెరికాలో ఉన్న పిల్లలకి సమయం అడ్డం. ఎండాకాలంలో డాలస్‌లో పొద్దున తొమ్మిదైతే ఇక్కడ రాత్రి ఏడున్నర. అమ్మ "తిన్నావా?" అంటుంది, "ఆఁ" అనడంతో ఫోన్ అయిపోతుంది. ఆ ప్రశ్నకి "ఆఁ" సరిపోదు, ఏం తిన్నారో చెప్పండి. "ఆవకాయ డబ్బా మూతకి గుడ్డ కట్టి, రెండు కవర్లలో చుట్టి పంపావు, సూట్‌కేసులో చుక్క నూనె కారలేదు. ఇవాళ పెరుగన్నంలో అదే" అనండి. తర్వాత పావుగంట ఆమే మాట్లాడుతుంది: గుడ్డ ఎక్కడిదో, ముడి ఎవరు బిగించారో, ఈసారి వెల్లుల్లి ఎందుకు తగ్గిందో. మీరు వినండి, మధ్యలో ఫోన్‌లో ఇంకేదీ చూడకండి. ముడి నాన్న వేశారని తెలిస్తే, ఫోన్ ఆయనకివ్వమనండి.