అరిజోనా ఈఎస్ఏ: ట్యూటర్‌కి ఫీజు కట్టే ముందు

అరిజోనాలో పిల్లల చదువుకి ఈఎస్ఏ (ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్, అంటే చదువు ఖర్చులకి రాష్ట్రం ఇచ్చే ఖాతా) డబ్బు వాడేవాళ్లు ముందు సొంత కార్డుతో కట్టేసి, తర్వాత రీయింబర్స్‌మెంట్ అడిగే దారి వీలైనంత వరకు మానుకోండి. ట్యూటర్ పేరు ఈఎస్ఏ చెల్లింపులు జరిగే ఆన్‌లైన్ వేదిక క్లాస్‌వాలెట్‌లో వెతకండి. ఉంటే అక్కడినుంచే నేరుగా కట్టండి. ఖర్చు తిరస్కరించినా ముందే మీ జేబులోంచి డబ్బు పోయి ఉండదు. జాబితాలో పేరుంది కదా అని వాళ్లమ్మే ప్రతిదీ చెల్లదు, అది వేరే సంగతి.

ఎక్కువగా దెబ్బతినేది ఇన్‌వాయిస్ దగ్గరే. పిల్లల పేరు, తేదీలు, సబ్జెక్టు, గంటలు, మొత్తం ఫీజు, ఇవన్నీ రాయించుకోండి. "ట్యూషన్ ఫీజు" అని ఒక్క ముక్క రాసిస్తే ఇన్‌వాయిస్ తిరస్కరించవచ్చు. డబ్బు మూడు నెలలకోసారి పడుతుంది, ఏడాది ఫీజు ఒకేసారి ఒప్పుకోకండి. క్లాసు రద్దయితే వాపసు ఈఎస్ఏ ఖాతాలోకే వెళ్లాలి. టీచర్ తెలిసినావిడే అయినా సరే, ఆ డబ్బు చేతికి తీసుకోవడం చట్టవిరుద్ధం.