తుఫాన్ల సీజన్ ముందు ఇంట్లో సర్వర్ పెడుతున్నారా? కొనేముందు ఇవి చూడండి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నెల్లూరు, ఒంగోలు వైపు వానలు, కరెంటు కోతలు మామూలే. ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్ లోపల చాలా వర్చువల్ మెషీన్లు, అంటే విడి కంప్యూటర్లలా పనిచేసేవి, నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, ఫొటోలన్నీ నాస్‌లోకి (ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ అందే స్టోరేజ్) మార్చాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు చూసుకోవాల్సినవి:

హార్డ్ డిస్క్ సీఎంఆర్ (డేటా ట్రాకులు ఒకదానిపై ఒకటి పడకుండా రాసే) రకమేనా? మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా చదవండి. ఎస్ఎంఆర్ (ట్రాకులు కొంత ఒకదానిపై ఒకటి పడేలా రాసే, అందుకే తిరగరాయడంలో నెమ్మదించే) డిస్క్ విడిగా బ్యాకప్‌కు పనికొస్తుంది. కానీ జెడ్‌ఎఫ్‌ఎస్‌లో (డిస్కులను జతచేసి డేటాను కాపాడే ఫైల్ సిస్టమ్) పోయిన డిస్క్ బదులు దాన్ని పెడితే, గంటల్లో అయ్యే రీబిల్డ్ (కొత్త డిస్క్‌లోకి డేటా తిరిగి నింపడం) రోజులు పట్టొచ్చు. ఆలోగా జతలోది కూడా పోతే డేటా గోవిందా. డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ రెడ్ రకంలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడింది. రెడ్ ప్లస్ అయితే సీఎంఆర్.

ఇన్వర్టర్ ఉందిగా అని ఊరుకోకండి. బ్యాటరీ అయిపోతోందని అది సర్వర్‌కు చెప్పదు. యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ చెబుతుంది, నట్ అనే సాఫ్ట్‌వేర్ అది చూసి మెషీన్‌ను పద్ధతిగా ఆపుతుంది.

డిస్కులు తగిలించే కార్డును నేరుగా వర్చువల్ మెషీన్‌కు అప్పగించాలంటే ఇంటెల్‌లో వీటీ-డీ అనే సదుపాయం కావాలి. ప్రాసెసర్‌లో ఉంటే చాలదు, బోర్డు బయోస్‌లోనూ ఉండాలి.

రామ్ స్లాట్ ఒకటైనా ఖాళీ ఉంచుకోండి. తర్వాత పెంచక తప్పదు.

రిచీ స్ట్రీట్‌లో పాత సర్వర్ చవకని చెన్నై రైలెక్కే ముందు లెక్క వేయండి: 100 వాట్లు ఆగకుండా లాగితే నెలకు 72 యూనిట్లు. దాని ఫ్యాన్ల మోత సంగతి సరేసరి! పాత డిస్కయితే స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టిన భాగాలు) సున్నా ఉంటేనే తీసుకోండి.

సముద్రం దగ్గర ఇల్లయితే ఉప్పు గాలికి లోపలి కనెక్టర్లు తుప్పు పడతాయి. కిటికీ పక్కన పెట్టకండి.