మెడలో కంటె లేని చిలుక ఏ చిలుక?

సమస్య: ఏలూరు కాలువ పక్కన నిద్రగన్నేరు మీద రెండు చిలుకలు వాలాయి. ఒకదానికి మెడలో నల్ల కంటె ఉంది, రెండోదానికి లేదు. వేరే జాతా?

కారణం: కాదు, రెండూ రామచిలుకలే. కంటె మగదానికే ఉంటుంది, దాని వెనక సన్నటి గులాబీ చారతో. అదీ పుట్టిన మూడో ఏటికి గానీ రాదు. అందుకని కంటె లేనిదల్లా ఆడదే అనుకున్నా తప్పే.

పరిష్కారం: మెడ వదిలేసి ముక్కు చూడండి. పైది ఎరుపు, కిందిది నలుపు అయితే రామచిలుక.

సమస్య: రెక్క మొదట్లో ఎర్రమచ్చ కనిపించింది.

కారణం: ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ మచ్చ రెండు జాతులకు ఉంటుంది. ఒకటి అలెగ్జాండ్రిన్ చిలుక. తోకతో కలిపి దాదాపు 58 సెంటీమీటర్లు, రామచిలుకేమో 40. రెండోది రామచిలుక కన్నా చిన్నది, తల ఎర్ర ఊదా రంగులో ఉండే అడవి చిలుక. అందులో మగదానికే చిన్న మచ్చ.

పరిష్కారం: సైజు నమ్మకండి. కరెంటు తీగ మీద ఒంటరిగా కూర్చుంటే ఏ చిలుకైనా నా కంటికి పెద్దదే! ముక్కు రెండు భాగాలూ ఎర్రగా, బండగా ఉంటే అలెగ్జాండ్రిన్. బెజవాడ నడిబొడ్డున ఒక్కటే కనిపిస్తే, పంజరం తప్పించుకుని వచ్చిందేమో అనీ అనుమానించాలి. ఊదా తలదానికి పైముక్కు పసుపు, తోక కొస తెలుపు. ఆడదాని తల బూడిద రంగు.

సమస్య: ఆకుపచ్చ పిట్టే, కానీ టుక్ టుక్ అంటోంది.

కంసాలి పిట్ట. తోక పొట్టి. చిలుక కాదు.

సమస్య: ఎంత వెతికినా కనిపించవు.

కారణం: మిట్టమధ్యాహ్నం వెతికి ఉంటారు. ఆ వేళ ఆకుల్లో కలిసిపోతాయి.

పరిష్కారం: పొద్దుగుంకే ముందు కాలువ గట్టు మీద నిలబడండి. కీచుమంటూ గుంపులుగా గూటికి పోతుంటాయి. తెనాలి వైపైతే మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో వెళ్ళండి. డబ్బా కొట్టి తోలుతున్న రైతు ముందు మాత్రం చిలుకలు ముచ్చటగా ఉన్నాయనకండి. మోడుబారిన తాటిచెట్టు తొర్రలో గూడు కనిపిస్తే దూరం నుంచే చూడండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పిల్లల్ని తీయడమే కాదు, పంజరంలో పెంచడమూ నేరం, జోస్యం చిలుకైనా సరే.

ఊదా తల చిలుక కోసం ఊళ్ళో తిరిగి లాభం లేదు. కొండపల్లి అడవి అంచుకు తెల్లారేసరికి చేరండి. తుయ్, తుయ్ అని మెత్తటి కూత వినిపించాక తలెత్తితే ఆలస్యమే, అది బాణంలా దాటిపోతుంది. ఆ కూత వైపు ముందే చెవి పెట్టి ఉంచండి.