వేపనూనె, కర్పూరంతో దోమల మందు కలుపుతున్నారా? ముందు సీసా మార్చండి

వానలు పడ్డాయంటే చాలు, ఆ వీడియో మళ్ళీ ఫోన్లలో తిరుగుతుంది: వేపనూనెలో హారతి కర్పూరం నానబెట్టి, అయిపోయిన రీఫిల్‌లో పోసి మెషీన్‌కి తగిలించెయ్యండి అని. విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఆ రెండు సరుకులూ ఒక్క తిరుగుడులో దొరికిపోతాయి, ఖర్చూ తక్కువే. చేతులు కడుక్కోవడం, కంట్లో పడకుండా చూసుకోవడం మీకు తెలిసినవే. వీడియోలో చెప్పని సంగతులు వేరే ఉన్నాయి.

కలిపేటప్పుడు

కర్పూరం బిళ్ళలు అలాగే వేస్తే అడుక్కి చేరి కూర్చుంటాయి. మెత్తగా పొడిచేసి, కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. కరగడం లేదని గిన్నె పొయ్యి మీద పెట్టకండి. కర్పూరం వేడికి ఆవిరై పైకి లేస్తుంది, 66 డిగ్రీల దగ్గరే ఆ ఆవిరి మంట అందుకుంటుంది. పొయ్యి ఆర్పేసి, చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్ళ గిన్నెలో సీసాని నిలబెట్టండి. మూత వదులుగా ఉండాలి.

కలరా ఉండలు కలపొద్దు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైము) లోపం ఉన్న పిల్లలకి వాటి ఆవిరి పీల్చినా రక్తకణాలు విరిగిపోయి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

నానబెట్టేటప్పుడు

కొంపలు మునిగేది ఇక్కడే. పూర్తిగా కరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా అది ఎందులో ఉంటుంది? నీళ్ళ సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో, వంటింటి గట్టు మీద. రెండేళ్ళ పిల్లకి ఆ సీసా అంటే తాగేదే. దాహం వేసిన పెద్దవాళ్ళు కూడా కరెంటు పోయినప్పుడు చేతికందింది ఎత్తేస్తారు.

లెక్క చూడండి. 100 మి.లీ. నూనెలో 20 గ్రాముల కర్పూరం వేస్తే, ఒక్క టీ స్పూనులో ముప్పాతిక గ్రాముకు పైనే కర్పూరం ఉంటుంది. పసిపిల్లలకి అర గ్రాముతోనే ఫిట్స్ రావచ్చు, గ్రాము లోపే ప్రాణం మీదికి రావచ్చు. ప్రసాదంలో పచ్చకర్పూరం తింటున్నాం కదా అంటారు. అక్కడ పడేది చిటికెలో ఎన్నో వంతు! పైగా వేపనూనె ఒక్కటే చాలు: చంటిపిల్లలకి స్పూనుడు పట్టించిన ఇళ్ళలో వాంతులు, మగత, ఫిట్స్ వచ్చిన కేసులు వైద్యులు ఏనాడో నమోదు చేశారు.

అందుకని తాగే సీసా వద్దు. టానిక్ సీసా అసలే వద్దు, రాత్రిపూట దగ్గు మందనుకుంటారు. నూనె వచ్చిన సీసాలోనే కలపండి, లేదా బిగుతు మూత ఉన్న గాజు సీసా వాడండి. పేరు, తేదీ, "విషం" అని రాసి అంటించి, తాళం ఉన్న అలమరలోనో అటక మీదో పెట్టండి. సింకు కింద కాదు.

మెషీన్ సంగతి

కంపెనీ రీఫిల్‌లో ఉండేది పల్చటి ద్రవం, వత్తి దాన్ని పైకి లాగుతుంది. వేపనూనె చిక్కన. పైకి ఎక్కదు, ఎక్కిన కాస్తా వత్తి కొన దగ్గర మాడి గట్టిపడుతుంది. అప్పుడు పల్చన చేద్దామని కిరసనాయిలో, టర్పెంటైనో పోస్తారు. ఆ రెండింటి ఆవిరీ 40 డిగ్రీల అటూ ఇటూలోనే అంటుకుంటుంది, మెషీన్ లోపలి హీటరు వేడి వందకు పైమాటే. తెల్లవార్లూ, మూసిన గదిలో, పరుపు పక్కన! మా మాట వింటే ఈ నూనె మెషీన్లో పోయనే వద్దు. అంతగా కావాలంటే గుమ్మం బయట ప్రమిదలో వత్తి వేసి వెలిగించండి.

ఇక మిగతావి.

కిరసనాయిలు నీళ్ళ సీసాలో పోయొద్దు, ఒక్క పూటకైనా.

ఆస్తమా ఉన్నవాళ్ళ గదిలో వెలిగించొద్దు.

పసిపిల్లల ముక్కుకి, ఛాతీకి ఈ నూనె రాయొద్దు.

డెంగీ దోమ పగలు కుడుతుంది. రాత్రి మెషీన్ పెట్టి పగలు కూలర్‌లో నీళ్ళు నిలవ ఉంచితే ఏం లాభం? డ్రమ్ములు, పూలకుండీల పళ్ళేలు వారానికోసారి ఖాళీ చేసి తోమండి.

ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు. గొంతులో వేలు పెట్టొద్దు. ఉప్పునీళ్ళు వద్దు, పాలు వద్దు. కిరసనాయిలు కలిసి ఉంటే వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా అక్కడే మొదలవుతుంది.

బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోవద్దు. కర్పూరం ఫిట్స్ ఐదు నిమిషాల్లోనూ రావచ్చు, గంటన్నర తర్వాతా రావచ్చు.

108కి ఫోన్ చెయ్యండి. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరైతే అక్కడికి, లేదంటే ఏది దగ్గరైతే అది. దారిలో ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నూనె పడ్డ బట్టలు విప్పెయ్యండి.

తాగిన సీసా వెంట పట్టుకెళ్ళండి. ఏం కలిపారో, ఎంత కలిపారో దాచకుండా చెప్పండి. కిరసనాయిలు కలిపిన మాట తిడతారని దాచొద్దు.